మిర్చి సీజన్‌లో పట్టుకున్న సైనస్ తలనొప్పి, నాకు ఇంట్లో ఎలా తగ్గిందంటే

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తా, పదకొండేళ్ళయింది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు, అంటే మిరపకాయల బస్తాలు, లారీలకి లారీలు దిగుతుంటే ఆ ఘాటు ఎలా ఉంటుందో యార్డుకి ఒక్కసారి వచ్చినోళ్ళకి చెప్పక్కర్లేదు. తుమ్ములు, ముక్కు కారడం మాకు మామూలే కాబట్టి పోయిన మార్చిలో జలుబు చేస్తే పట్టించుకోలేదు. అయిదారు రోజులకి జలుబు తగ్గుతున్నట్టే ఉండి కుడి చెంప కింద, కనుబొమ్మ పైన బరువు మొదలైంది. కింద అరలో ఉన్న లెక్కల పుస్తకం తీద్దామని వంగానో లేదో తలలో సీసం పోసినట్టు మొత్తం ముందుకి జారి కంటి వెనక ఆగిపోయేది, అలాగే బల్ల పట్టుకుని నిలబడిపోయేవాణ్ణి.

దాంతో పాటు కుడివైపు పైపళ్ళు నాలుగూ ఒకేసారి నొప్పి, అన్నం నమలలేకపోయా. పన్ను పుచ్చిందేమో అని డెంటిస్ట్ దగ్గరికెళ్తే ఎక్స్‌రే తీసి పళ్ళు శుభ్రంగా ఉన్నాయండీ, పై దవడ పళ్ళ వేర్లకి సరిగ్గా పైనే సైనస్ గది ఉంటుంది, అది నిండితే పన్ను నొప్పిలాగే ఉంటుంది, ఈఎన్‌టీకి చూపించుకోండి అన్నారు. నేను వెళ్ళలేదు. సీజన్ కదా, సెలవు అడగటానికి మొహం చెల్లలేదు.

మెడికల్ షాపులో అడిగితే ముక్కులో కొట్టుకునే జైలోమెటాజోలిన్ స్ప్రే ఇచ్చారు. రెండు నిమిషాల్లో ముక్కు తెరుచుకుంది, ప్రాణం లేచొచ్చింది. పొద్దున, రాత్రి అనుకున్నది నాలుగు సార్లయింది, తర్వాత రెండు గంటలకోసారి, అది జేబులో లేకపోతే భయం. మూడు వారాలు వాడా. ఆ స్ప్రే మూడు రోజులు, మహా అయితే అయిదు రోజులకి మించి వాడకూడదని, వాడితే మందు దిగిపోగానే లోపలి పొర ముందుకంటే ఎక్కువ వాచిపోతుందని నాకు ఎవరూ చెప్పలేదు, డబ్బా మీద సన్నక్షరాలు నేను చదవలేదు. నా తలనొప్పి మూడు వారాలు సాగటానికి సగం కారణం అదే. ఈ ఒక్క సంగతి కోసమైనా ఇది రాయాలనిపించింది.

ఇంట్లో అమ్మ రోజూ సాయంత్రం వావిలాకు తెచ్చి గిన్నెలో మరగబెట్టి "ఆవిరి పట్టరా నాయనా, నీరంతా దిగిపోద్ది" అని కూర్చోబెట్టేది. దుప్పటి కప్పుకుని పడితే నిజంగా హాయిగానే ఉండేది, ఒక అరగంట, తర్వాత మళ్ళీ మామూలే. ఒకరోజు మా పాప పరిగెత్తుకుంటూ వచ్చి దుప్పటి లాగితే గిన్నె ఒరిగి మరిగే నీళ్ళు నా పాదం పక్కన పడ్డాయి, పాప మీద పడుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. పిల్లలున్న ఇంట్లో గిన్నె ఆవిరి వద్దే వద్దు, బాత్రూమ్ తలుపేసుకుని వేడినీళ్ళ స్నానం చేసినా ఆ ఆవిరి చాలు. అమృతాంజనం కూడా రాశా, మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో మొదలెట్టిన మందు, మా నాన్న కాలం నుంచీ ఇంట్లో ఉండేదే. నుదురు చల్లబడి నిద్ర పట్టేది. ముక్కు తెరుచుకున్నట్టు కూడా అనిపిస్తుంది గానీ అది మెంథాల్ చల్లదనం, లోపల వాపు అలాగే ఉంటుంది.

చివరికి మా ఆవిడే ఊరుకోలేదు. "ఏవండీ, మీరు పడుకుంటున్నారా కూర్చుంటున్నారా రాత్రంతా, ఇవాళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే" అని బండి తాళం చేతికిచ్చింది. ఈఎన్‌టీ మేడం అంతా విని ముందు ఆ స్ప్రే మానేయమన్నారు. దాని బదులు లోపలి వాపు తగ్గించే ఫ్లూటికాసోన్ స్ప్రే ఇచ్చి, ఇది వెంటనే పనిచేయదు, కొన్ని రోజులు ఆగాలి, ముక్కు మధ్య గోడకి కాకుండా చెవి వైపుకి కొట్టుకోండి అన్నారు. నొప్పికి పారాసెటమాల్ 650, అంతే. అసలు మందు మాత్రం ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవడం అన్నారు.

మొదటిసారి నేను తొందరలో ఉప్పు వేయకుండా ఉత్త గోరువెచ్చని నీళ్ళు పోశా, నిప్పు పెట్టినట్టు మండింది, కళ్ళవెంట నీళ్ళు. ఉప్పు సరిగ్గా పడితే అసలు మంటే ఉండదు. నీళ్ళు కనీసం ఒక నిమిషం తెర్లనిచ్చి గోరువెచ్చగా చల్లార్చి, పావు లీటరుకి అర టీస్పూను అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంట సోడా. కుళాయి నీళ్ళు, బోరు నీళ్ళు కాచకుండా ముక్కులోకి పోయొద్దు, కేరళలో మెదడు తినే అమీబా కేసులు విన్నాం కదా, అది ముక్కు ద్వారానే పైకి పోతుంది. సింకు మీదకి వంగి తల ఒక పక్కకి వంచి నోటితో గాలి పీలుస్తూ పై ముక్కులో ఆ నీళ్ళు నింపిన మెత్తటి సీసా పెట్టి నెమ్మదిగా నొక్కితే కింది ముక్కులోంచి నీళ్ళొస్తాయి. మొదటి రెండు రోజులు చుక్క కూడా అవతలికి రాలేదు, మూడోరోజు ఒక్కసారిగా జిగురుగా పచ్చటి ముద్ద జారి సింకులో పడింది, ఆ క్షణంలో చెంపలో బిగుతు సడలటం తెలిసిపోయింది. గట్టిగా చీదకూడదు, చెవి పోటొస్తుంది.

స్ప్రే మానేసిన మొదటి నాలుగు రాత్రులు నరకం, ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. రెండు దిళ్ళు ఎత్తుగా పెట్టుకుని, గుడ్డ వేడినీళ్ళలో పిండి చెంప మీద, ముక్కు మీద కాపడం పెట్టుకుంటూ గడిపా, అమ్మ చేసిన మిరియాల చారు గ్లాసులతో తాగా. పదో రోజుకి కింద అరలోంచి పుస్తకం తీశా, తీసి కూర్చున్నాక గాని గుర్తురాలేదు నొప్పి రాలేదని.

ఇంకో మాట. మా చెల్లి కూడా నాలుగేళ్ళుగా సైనస్ సైనస్ అని ఆవిరి పట్టేది, ముక్కు మూసుకోదు, కానీ వెలుతురు పడదు, వాంతి వస్తుంది. నాది తగ్గాక తననీ తీసుకెళ్తే మైగ్రేన్ అని తేలింది. తర్వాత చదివితే తెలిసింది, 2004లో అచ్చయిన ఒక అమెరికా స్టడీలో సైనస్ తలనొప్పి అనుకున్న దాదాపు 3 వేల మందిలో 88 శాతం మందివి మైగ్రేన్ లక్షణాలేనట. అలాగే పది రోజులు దాటినా తగ్గకపోయినా, తగ్గి మళ్ళీ తిరగబెట్టినా, కంటి చుట్టూ వాచినా, చూపు రెండుగా కనపడినా, మెడ బిగుసుకుని జ్వరం ఎక్కువున్నా ఇంట్లో కూర్చోకండి. షుగర్ ఉన్నోళ్ళు అసలే ఆగొద్దు, 2021లో బ్లాక్ ఫంగస్ మా వీధిలోనే చూశాం.

ఈ సీజన్‌లో మాస్క్ వేసుకుంటున్నా, యార్డు నుంచి రాగానే స్నానానికి ముందే ముక్కు కడుగుతున్నా. నిన్న రాత్రి కడిగితే తెల్లటి సింకులో నీళ్ళతో పాటు సన్నగా ఎర్రటి మిరప నలక వచ్చింది.