అమ్మ ఫోన్‌లో ముగ్గురు పద్మలు

ఇందులో పేర్లు, ఊరు మార్చి రాస్తున్నాను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

సంక్రాంతికి తెనాలి వెళ్లినప్పుడు అమ్మ తన ఫోన్ నా చేతికిచ్చి, "ఊరికే వేడెక్కిపోతోందే, ఏమైందో చూడు" అంది. అక్కర్లేనివన్నీ తీసేస్తుంటే ఒక సోషల్ మీడియా యాప్ సెట్టింగుల్లో ‘అప్‌లోడ్ చేసిన కాంటాక్టులు’ అని కనిపించింది. తెరిచి చూస్తే అమ్మ ఫోన్‌బుక్ మొత్తం అక్కడుంది.

అమ్మ ఇంటిపేర్లు రాసుకోదు, ఆనవాళ్లు రాసుకుంటుంది. ‘పాలు వెంకటేశ్వర్లు’, ‘కౌలు రామారావు’, ‘షుగర్ డాక్టరు గారు’. ‘ఏటీఎం’ అనే పేరుకి నాలుగే అంకెలు. పద్మలు ముగ్గురు: ‘పద్మ టీచర్’, ‘పద్మ జాకెట్లు’, ‘పద్మ కీమో’.

ఆ మూడో పేరు దగ్గర నా వేలు ఆగిపోయింది. పద్మత్త మా వెనక వీధిలో ఉంటుంది. ఆవిడ జబ్బు సంగతి వాళ్లింట్లోవాళ్లకి, గుంటూరు ఆస్పత్రికి తోడెళ్లిన అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు. కూతురికి సంబంధాలు చూస్తున్నారు, అందుకని బయటికి చెప్పుకోలేదు. ఆవిడ వాడేది బటన్ల ఫోను. ఇంటర్నెట్ జోలికే పోని మనిషి జబ్బు, ఫోన్ నంబరుతో సహా, ఒక కంపెనీ సర్వర్‌లోకి చేరిపోయింది.

అమ్మను ఏమీ అనలేను. యాప్ వేసుకున్న రోజు స్నేహితులను వెతికిపెడతాం అనుమతివ్వండి అని అడిగింది, సరే అని నొక్కింది. నేనైనా అంతే చేసేదాన్ని.

2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ గుర్తుందా? ఫేస్‌బుక్‌లో ఒక క్విజ్ యాప్ లాగిన జనం వివరాలు ఆ పేరున్న ఎన్నికల ప్రచార కంపెనీకి చేరాయని బయటపడింది. ఆ క్విజ్ యాప్‌ను మన దేశంలో వేసుకున్నది 335 మంది. వివరాలు బయటికి పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్కే చెప్పిన భారతీయులు మాత్రం సుమారు 5.62 లక్షల మంది. వాళ్లలో దాదాపు అందరూ చేసిందల్లా ఆ 335 మందిలో ఎవరికో ఫ్రెండ్‌గా ఉండడమే. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఖాతా లేనివాళ్ల డేటా కూడా భద్రత కోసం సేకరిస్తామని ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ అమెరికా కాంగ్రెస్‌లో ఒప్పుకున్నాడు. అప్పుడు అదంతా ఎక్కడో జరిగిన సంగతిలా చదివాను.

గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. ఎవరి డేటా అయితే వాళ్ల సమ్మతి తీసుకోవాలన్నదే దానికి మూలం. మరి పద్మత్తను ఎవరడిగారు? ప్రశ్న వచ్చింది అమ్మ ఫోన్‌కి, జవాబు చెప్పింది అమ్మ, పోయింది ఆవిడ గుట్టు. నాకు కోపం అక్కడే. "నా ఫోన్‌లో దాచుకోవడానికేముంది" అని నేనూ చాలాసార్లు అన్నాను. ఇక అనలేను.

ముందు కాంటాక్టుల అనుమతి, సింక్ ఆపేశాను. అవి ఆపకుండా తుడిస్తే మళ్లీ వెళ్లిపోతాయి. తర్వాత అన్నీ తొలగించాను.

విషయం చెప్పాక అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ తీసుకుని, ‘కీమో’ని ఒక్కో అక్షరం చెరిపి ‘వెనక వీధి’ అని కొట్టింది. తర్వాత ‘ఏటీఎం’ తీసేసింది. ఫోన్ బల్ల మీద పెట్టి, "పద్మకి చెప్పాలి కదే" అంటూ చెప్పులేసుకుంది.