కరక్కాయ వగరు

మూత తీయగానే వెనిలా వాసన గదంతా పరచుకుంది గాని, తొలి గుక్కలో నాలుకకు తగిలింది మాత్రం పచ్చి కరక్కాయ కొరికినప్పటి వగరు. అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లూయీవిల్‌లో మిత్రుని ఇంట ఈ సాయంత్రం నలుగురం కలిసి తెరిచిన 15 ఏళ్ల లిమిటెడ్ ఎడిషన్ బర్బన్, అంటే ప్రధానంగా మొక్కజొన్నతో చేసే అమెరికా విస్కీ, అది.

లోపలి భాగం కాల్చిన కొత్త ఓక్ పీపాలలోనే బర్బన్‌ను ఉంచాలన్నది అమెరికా చట్టం కనుక, కెంటకీ వేసవులు గడిచేకొద్దీ ధాన్యం రుచిని చెక్క మింగివేస్తుందని ఒక మిత్రుడు తేల్చివేశాడు. నీళ్లు కలిపి ఆల్కహాలును 45 శాతానికి దించడమే తప్పని, పీపాలోని ఘాటుతోనే సీసాలకు ఎత్తి ఉంటే ఆ వగరుకు జోడు దొరికేదని రెండవ ఆయన వాదించారు. మూడవ ఆయనకు అది అమితంగా నచ్చింది. మళ్లీ పోయించుకున్నారు కూడా.

నాకు మొదటి మాటే సబబుగా తోచింది. అయితే సీసా కొన్నది నేనే గనుక, నా నిరాశలో రుచి పాలు ఎంతో, ధర పాలు ఎంతో విడదీయలేకపోతున్నాను.

మిగిలిన సగం సీసాను నచ్చినాయనకే ఇచ్చి వచ్చాను.