రేపే ఈఏపీసెట్

"బాబాయ్, కెమిస్ట్రీలో పి-బ్లాకు మూలకాలు ఇంకా ముట్టుకోనేలేదు" అంటూ మా అన్నయ్య కూతురు రాత్రి పదింటికి కొత్త అధ్యాయం తెరవబోతే, ఆ పుస్తకాన్ని నేనే మూసేశాను.

ఇంజినీరింగ్ ప్రవేశానికి రాసే ఈ పరీక్షలో నూట ఎనభై నిమిషాల్లో 160 ప్రశ్నలు, అందులో గణితమే 80. అంటే ప్రశ్నకు నిమిషం పైచిలుకు మాత్రమే దొరికే పరీక్షకు, ఈ రాత్రి అరకొరగా బట్టీపట్టే కొత్త పాఠం కంటే, ఇదివరకు తప్పు చేసిన లెక్కలను మరోసారి చూసుకోవడమే మేలని నా అభిప్రాయం. తప్పు సమాధానానికి మార్కులు కోయరు కాబట్టి ఒక్క ప్రశ్ననూ వదిలిరావద్దని మాత్రం గట్టిగా చెప్పాను.

వదిన సాయంత్రం సంపత్ వినాయకుడి గుడికి తీసుకెళ్లి, హాల్‌టికెట్టు మూలన కుంకుమ బొట్టు పెట్టించింది. చెమటకు అది ఫొటో దాకా పాకడంతో (వైశాఖపు ఉక్కపోత విశాఖవాసులకు చెప్పాలా!) అన్నయ్య పరుగున వెళ్లి మరో ప్రతి తీయించుకొచ్చాడు.

పరీక్షా కేంద్రం గాజువాక వైపు పడింది. నిమిషం ఆలస్యమైనా లోపలికి రానివ్వరు, ఎంవీపీ కాలనీ నుంచి బయలుదేరితే ఎన్ఏడీ కూడలి దగ్గర ఎంతసేపు ఆగవలసివస్తుందో ఎవరూ చెప్పలేరు కనుక, అన్నయ్య ఆరింటికే బండి తీస్తానంటున్నాడు. నాకూ అదే సబబనిపిస్తోంది.