మంగమారిపేట రాయి, తడిసిన చెప్పులు

"బాబూ, కెరటం వత్తంది, ఎనక్కి రా!" వల సర్దుకుంటున్న తాత అరిచేసరికి నేనింకా కెమెరా తెరలోనే తల దూర్చి ఉన్నా. మోకాళ్ల దాకా తడిసిపోయాను. కెమెరాని మాత్రం చంటిపిల్లలా నెత్తికెత్తుకున్నా.

విశాఖ పక్కన మంగమారిపేట తీరంలో, తొట్లకొండ దగ్గరున్న సహజ శిలాతోరణం కోసం తెల్లారకుండానే వెళ్లా. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు కదా, సరిగ్గా తోరణం మధ్యలో ఇరికిద్దామని ప్లాన్. తీస్తే రాయి బొగ్గుముక్క, ఆకాశం సున్నం కొట్టిన గోడ! నాది జేబులో పట్టే పాత కెమెరా. పాపం, రెండూ ఒకేసారి చూడటం దానికి చేతకాదు. నలభై ఫొటోలు అలాగే పోయాయి.

చివరికి సూర్యుణ్ని వదిలేశా. పక్కకి జరిగి, ఏటవాలు ఎండ పడుతున్న రాయి ఒంటికి జానెడు దూరంలో నిలబడ్డా. అప్పుడు కనిపించాయి తుప్పురంగు చారలు, ఉప్పునీళ్లు తినేసిన గుంటలు, ఒక గుంటలో గోరంత పీత. మా విశాఖ కొండల్లో ఎక్కువగా ఉండే రాయిని ఖొండలైట్ అంటారు. 'కొండ' నుంచి వచ్చిన పేరనుకునేవాణ్ని ఇన్నాళ్లూ. కాదు, ఖోండు తెగ పేరట!

పీత ఫొటో తాతకి చూపించా. "ఇంత పొద్దున్నే లేచి దీన్నా తీసినావు?" అన్నాడు.

చెప్పులు ఇంకా ఆరలేదు. లెన్స్ మీద ఉప్పు మరక గీతలు పడకుండా ఎలా తుడవాలో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.