ఒక్క పేరు వెనక మూడు మెషీన్లు: స్కాన్‌లో నా అనుభవం

మా ఆఫీసులో బయటికి కనిపించే సర్వర్లకు మూడు నెలలకోసారి పోర్ట్ స్కాన్ చేయాలి, అంటే బయటి కనెక్షన్లు తీసుకునే నంబర్ల ద్వారాల్లో (పోర్టుల్లో) ఏవి తెరిచి ఉన్నాయో చూడాలి. ఆ పని ఈసారి నాకు పడింది. రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, శుక్రవారం సాయంత్రం మా ఏపీఐ సర్వర్ హోస్ట్‌నేమ్‌ను (ఇంటర్నెట్‌లో దాని పేరును) ఎన్‌మ్యాప్ అనే స్కానింగ్ టూల్‌కు ఇచ్చాను. వెబ్ పోర్టులు 80, 443 తప్ప ఏమీ ఓపెన్‌లో లేవు. అంతా బాగుందని మేనేజర్‌గారికి మెయిల్ పెట్టేశాను.

సోమవారం పొద్దున స్క్రీన్‌షాట్ కోసం అదే కమాండ్ మళ్ళీ కొడితే 3306 ఓపెన్ అని వచ్చింది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉంది! గుండె ఝల్లుమంది. ఆపరేషన్స్ వాళ్ళను అడిగితే, శని ఆదివారాల్లో ఎవరూ ఏదీ ముట్టుకోలేదన్నారు.

రెండు అవుట్‌పుట్‌లూ పక్కపక్కన పెట్టుకుని మొదటి లైను నుంచీ చదివాను. శుక్రవారం ఐపీ చివర 21 ఉంది, సోమవారం 37. ఆ కిందనే "అదర్ అడ్రసెస్" అంటూ ఇంకో రెండు ఐపీవీ4 (పాత తరహా ఐపీ) అడ్రసులు, ఒక ఐపీవీ6 (కొత్త తరహా ఐపీ) అడ్రసు, పక్కన "నాట్ స్కాన్డ్" అని. శుక్రవారం కూడా ఆ లైను ఉంది. నా కళ్ళు నేరుగా పోర్టుల పట్టికకు వెళ్ళిపోయాయి.

పేరుకు ఎన్ని అడ్రసులున్నా ఎన్‌మ్యాప్ మామూలుగా మొదట వచ్చినదాన్నే స్కాన్ చేస్తుంది. పేరుకు అడ్రసులు చెప్పే డీఎన్ఎస్ సర్వర్లేమో లోడు పంచడానికి ఆ వరుసను మారుస్తూ ఇస్తుంటాయి. అంటే ఒకే కమాండ్‌తో నేను రెండు వేర్వేరు మెషీన్లను చూశాను. 37 పాత సర్వర్. కొత్త ఫైర్‌వాల్ రూల్ దానికి పడనే లేదు.

ముందు డీఎన్ఎస్‌ను అడిగే డిగ్ కమాండ్‌తో అడ్రసులన్నీ రాసుకున్నాను. తర్వాత ఎన్‌మ్యాప్‌కు "--రిజాల్వ్-ఆల్" అనే ఆప్షన్ పెడితే మూడు ఐపీవీ4 అడ్రసులూ విడివిడిగా స్కాన్ అయ్యాయి. ఐపీవీ6కు "-6" పెట్టి వేరుగా నడపాల్సి వచ్చింది. దాన్ని వదిలేయకండి, ఐపీవీ4కు రాసిన ఫైర్‌వాల్ రూల్స్ చాలాచోట్ల దానికి వర్తించవు. ఇంకో మాట, పేరు మనదే అయినా దాని వెనక సీడీఎన్ (కంటెంట్‌ను మన తరఫున అందించే వేరే కంపెనీ సర్వర్ల నెట్‌వర్క్) ఉంటే ఆ అడ్రసులు మనవి కావు. అన్నింటినీ స్కాన్ చేసే ముందు అవి ఎవరివో చూసుకోవాలి.

మేనేజర్‌గారికి ఆ మధ్యాహ్నమే సవరణ మెయిల్ పంపాను. సాయంత్రానికి 37 మీద 3306 "ఫిల్టర్డ్" అని వచ్చింది, అంటే ఫైర్‌వాల్ ఇప్పుడు దాన్ని అడ్డుకుంటోంది. రిపోర్టులో ఇప్పుడు హోస్ట్‌నేమ్‌కు ఒక వరుస కాదు, అడ్రసుకొక వరుస.