చాపెల్‌లో సాయంకాల ప్రార్థన: నడిపేవాళ్ళకు కొన్ని మాటలు

సాయంకాల ప్రార్థన అనగానే మన హాస్టల్ బ్యాచీలన్నిటికీ ముందు గుర్తొచ్చేది మోకాళ్ళ నొప్పి. ఆ వరస వెనక ఉన్న లెక్క అప్పట్లో ఎవరికీ పట్టలేదు. సమ్మేళనం నాడు చాపెల్‌లో మళ్ళీ అదే ఆరాధన పెడదామంటున్నారు గనక, పనికొచ్చే సంగతులు రాస్తున్నాను.

పూర్వం మఠాల్లో పొద్దుగూకే వేళ వెస్పర్స్, పడుకోబోయే ముందు కంప్లిన్ అని రెండు ఆరాధనలుండేవి. 1549 నాటి ఇంగ్లీషు ప్రార్థన పుస్తకంలో ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మర్ రెంటినీ కలిపి ఒకటి చేశాడు. పాత నిబంధన పాఠం తర్వాత వచ్చే మరియమ్మ పాట వెస్పర్స్‌ది, కొత్త నిబంధన పాఠం తర్వాత వచ్చే సుమెయోను అనే ముసలాయన పాట కంప్లిన్‌ది. అబ్రాహాముకు ఇచ్చిన మాట దేవుడు మరవలేదని మొదటిది పాడుతుంది; ఆ మాట నెరవేరడం కళ్ళారా చూశాను, ఇక నన్ను పోనివ్వమని రెండోదాంట్లో ముసలాయన అడుగుతాడు. పాఠం, పాట, పాఠం, పాట: ఈ నాలుగింటి జోలికి ఎవరూ వెళ్ళకూడదు. టైము చాలకపోతే ప్రసంగం ఎగ్గొట్టండి, అసలు ఈ ఆరాధనకు ప్రసంగం అక్కర్లేదు.

మనకు అలవాటైన వరస అదే ప్రార్థన పుస్తకం 1662 కూర్పుది. వాక్యాలు, హెచ్చరిక, పాపపు ఒప్పుకోలు, విమోచన, పరలోక ప్రార్థనతో మొదలవుతుంది. ఒప్పుకోలులో చేయవలసినవి చేయక విడిచామన్నది ముందు, చేయకూడనివి చేశామన్నది తర్వాత. గబగబా చదివితే ఈ తేడా వినపడదు. విమోచన, అంటే పాపక్షమాపణ ప్రకటన, పలకాల్సింది అభిషేకం పొందిన గురువు మాత్రమే. ఆ రోజు అయ్యగారు రాకపోతే నడిపే విద్యార్థి దాన్ని చదవకూడదు. దాని స్థానంలో త్రిత్వ ఆదివారం తర్వాత ఇరవై ఒకటో ఆదివారపు కలెక్టు (ఆ రోజుకు కేటాయించిన చిన్న ప్రార్థన) చదవడం ఆనవాయితీ.

ఇక దావీదు కీర్తనలు. నూట యాభై కీర్తనల్ని నెలకు 60 భాగాలు చేశారు, ఉదయానికొకటి, సాయంత్రానికొకటి. ఒకటో తేదీ సాయంత్రం 6, 7, 8. ముప్ఫయ్యో తేదీ సాయంత్రం 147 నుంచి 150. నూట పంతొమ్మిదోది ఒక్కటే ఇరవై నాలుగు సాయంత్రం నుంచి ఇరవై ఆరు సాయంత్రం దాకా ఐదు పూటలు పడుతుంది. నడిపేవాడికి నచ్చిన కీర్తన ఎంచుకునే వీల్లేకపోవడమే ఇందులోని అందం అని నా అభిప్రాయం. సంతోషంగా ఉన్న రోజు ఏడుపు కీర్తన వస్తుంది, చదవాల్సిందే.

పాడేటప్పుడే అసలు చిక్కు. ఆంగ్లికన్ చాంట్‌లో, అంటే కీర్తనలు పాడే ఇంగ్లీషు సంఘపు బాణీలో, ఒక వచనానికి ఏడు బార్లు (తాళపు గడులు), పది స్వరాలు: మొదటి సగానికి మూడు బార్లు, రెండో సగానికి నాలుగు. ప్రతి సగంలోనూ మొదటి స్వరం మీద ఎన్ని మాటలైనా నిలుపుకోవచ్చు, తర్వాతి స్వరాలు మాత్రం లెక్క ప్రకారం. క్వయర్ పిల్లలు ఆ నిలుపు స్వరం మీద మాటల్ని దొర్లించేసి, చివరి స్వరాల దగ్గర సాగదీస్తారు. మందు ఒకటే. వచనాన్ని ముందు మామూలుగా పైకి చదవండి, ఆ వేగంతోనే పాడండి, సగంలో ఒక్క ఊపిరి ఆగండి.

తెలుగులో ఇంకో తంటా ఉంది. మన క్రియ చివర వస్తుంది. ‘నా ప్రాణము ప్రభువును ఘనపరచుచున్నది’ అన్నదాన్ని మొదటి సగంలో ఉన్నదున్నట్టు పెడితే ఆఖరి మూడు స్వరాలూ ‘చు-న్న-ది’కి పోతాయి, ‘ఘనపరచు’ నిలుపు స్వరంలో కొట్టుకుపోతుంది. అలా కాకుండా ‘పరచు’ ఒక స్వరానికి, ‘చున్న’ ఒకదానికి, ‘ది’ చివరిదానికి సర్దితే మాటకు ప్రాణం వస్తుంది. రెండు రిహార్సల్స్ దీనికే కేటాయించండి.

విశ్వాస ప్రమాణం తర్వాత మూడు కలెక్టులు: ఆ రోజుది, సమాధానం కోసం, రాత్రి ఆపదల నుంచి కాపుదల కోసం. మా చీకటిని వెలిగించుమని అడిగే ఈ మూడోది ఏడెనిమిది వాక్యాల ప్రార్థన కాదు, ఒకే ఒక్క వాక్యం. దాని వెంట సొంత ప్రార్థన తగిలించే అలవాటు మెథడిస్టు, కాంగ్రిగేషనల్ మిషన్ల వైపు నుంచి వచ్చిన మిత్రులకు సహజం. 1947లో అందరం దక్షిణ ఇండియా సంఘంలో కలిశాం గదా. కానీ ఆ సాయంత్రానికి వాళ్ళను కాస్త ఓపిక పట్టమనండి. పాట పాడాలనుకుంటే చోటు ఇక్కడే, మూడో కలెక్టు తర్వాత. 1662 పుస్తకం ఆంథెమ్‌కు, అంటే క్వయర్ పాడే పాటకు, చూపించిన చోటు కూడా ఇదే.

పిల్లల దగ్గరికి ఇంగ్లండు వెళ్ళేవాళ్ళు ఏదైనా కథీడ్రల్‌లో సాయంత్రం ఈ ఆరాధన వినండి, టికెట్టు ఉండదు. డెకనై, కాంటోరిస్ అని ఎదురెదురుగా నిలబడ్డ రెండు జట్లు వచనం మార్చి వచనం పాడుతుంటే పైన చెప్పిన ఊపిరి సంగతి చెవికే తెలిసిపోతుంది. వెళ్ళలేనివాళ్ళకు బీబీసీ రేడియో ఉంది, 1926 నుంచి ప్రసారం చేస్తోంది.

సమ్మేళనం తేదీ ఖాయం చేసేవాళ్ళకు ఒక విన్నపం. పదిహేనో తేదీ సాయంత్రం వంతు ఒక్క 78వ కీర్తనే, డెబ్భైకి పైగా వచనాలు. ఆ రోజే పెట్టేట్టయితే భోజనాలు అరగంట వెనక్కి జరపండి.