హిమాలయన్‌కి కొత్త టైర్లా? ముందు మీరు తిరిగే రోడ్డు చూసుకోండి

వానాకాలం దగ్గరపడుతుంటే రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ బైకు నడిపే తమ్ముళ్ల దగ్గర్నుంచి నాకు వచ్చే మెసేజ్ ఒకటే: "అన్నా, వెనక టైరు బోడైపోయింది, ఏది వేయించమంటావ్?" నేను ఎదురడిగేది కూడా ఒకటే, పోయిన ఏడాది నువ్వు తిరిగిన దాంట్లో తారు ఎంత, మట్టి ఎంత అని. లెక్క వేసుకుంటే చాలామందికి నూటికి తొంభై పైనే తారురోడ్డో సీసీ రోడ్డో తేలుతుంది. ఫోన్లో దాచుకున్న ఫొటోలు మాత్రం పెద్ద పెద్ద గుబ్బలున్న టైర్లవి. గుబ్బల టైరు వేస్తే బండికొచ్చే అందం వేరు, కాదనను. కానీ టైరు కొనేది రోజూ నడిచే రోడ్డు కోసం, అందులోనూ ఆ రోడ్డు బాగా తడిసి ఉన్న రోజు కోసం. నేను చెప్పదలుచుకున్నది ఇదే, కింద రాసిన మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

నేను మాట్లాడేది హిమాలయన్ 411 గురించి. 2016లో వచ్చి 2023 చివర్లో ఆగిపోయిన బండి, మన దగ్గర ఇంకా బోలెడు తిరుగుతున్నాయి. టైరు సైజు ముందు 90/90-21, వెనక 120/90-17, స్పోకుల చక్రాలు, లోపల ట్యూబ్. ఇక్కడ అమ్మిన బండ్లకు కంపెనీ వేసిచ్చింది సియట్ గ్రిప్ ఎక్స్‌ఎల్, బయటి దేశాలకు పంపినవాటికి పిరెల్లి ఎంటీ60.

కొత్తది కొనేముందు పాత టైరు పక్కన ఓ పది నిమిషాలు కూర్చోండి. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పండి. ఎన్‌హెచ్ 44 మీద లగేజీతో గంటలకొద్దీ నిటారుగా నడిచిన టైరైతే నడుమ చదునైపోయి, ఆ చదును రెండు అంచుల్లో సన్నగా గట్టు కట్టి ఉంటుంది, వేలు పెడితే తగులుతుంది. ఘాట్‌లో బండి మొదట వంగనని మొరాయించి, ఆ గట్టు దాటగానే ఒక్కసారిగా పక్కకు పడినట్టు వంగేది దీనివల్లే. చాలామంది ఇది సస్పెన్షన్ సమస్య అనుకుని మెకానిక్ చుట్టూ తిరుగుతారు. ముందు టైరు ఇలా అరగదు. బ్రేకు భారమంతా దాని మీదే పడుతుంది కాబట్టి ఒక్కో గుబ్బ ఒకవైపు ఎత్తుగా, ఇంకోవైపు పల్లంగా తయారవుతుంది, అరవై దాటగానే హ్యాండిల్‌లోంచి ఒక రొద మొదలవుతుంది. గాడుల్లో అడుగున చిన్న దిమ్మె లాంటిది కనిపిస్తుంది, పక్క గోడ మీద దాని ఎదురుగా టీడబ్ల్యూఐ (అరుగుదల గుర్తు) అనో చిన్న బాణమో ఉంటుంది. అరుగుదల ఆ దిమ్మెకు సమానమైతే టైరు పని అయిపోయినట్టే. మన మోటారు వాహనాల నిబంధనల్లో టూవీలర్‌కి 0.8 మిల్లీమీటర్ల దాకా గాడి ఉంటే చాలు, కానీ అంతదాకా లాగితే వానలో నీళ్లు పోవడానికి దారుండదు. నేనైతే 2 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేస్తాను, ఆ మిగిలిన కాస్త రబ్బరు కోసం చూసుకోను.

ఇక అసలు సంగతి, ఎలాంటి టైరు అని. షాపుల్లో 80/20, 70/30, 50/50 అంటుంటారు, మొదటిది తారు, రెండోది మట్టి. ఇది ఎవరూ కొలిచి ముద్ర వేసిచ్చే అంకె కాదు, కంపెనీ తన టైరు గురించి తాను చెప్పుకునే మాట, కాబట్టి అంకె కంటే టైరునే చూడాలి. గుబ్బల మధ్య ఖాళీ ఎంతుంది, గుబ్బ ఎంత ఎత్తుంది, నడుమ భాగంలో రబ్బరు ఆగకుండా వరసగా సాగుతుందా లేక ముక్కలు ముక్కలుగా ఉందా. ఖాళీ పెరిగేకొద్దీ తారుకు ఆనే రబ్బరు తగ్గుతుంది. గుబ్బ ఎత్తు పెరిగేకొద్దీ బ్రేకు పట్టినప్పుడు, బండి వంచినప్పుడు అది మెలిక తిరుగుతుంది. ఎండ రోజున ఇది పెద్దగా తెలియదు. తెలిసేది శ్రీశైలం రోడ్డులో. నల్లమల అడవిలో ఆ దారిని రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు కదా, మన్ననూరు దగ్గర గేటు తీయగానే బయలుదేరే బండ్లే ఎక్కువ, అప్పటికి రోడ్డు మీద రాత్రి కురిసిన వాన, రాలిన టేకాకులు, చెట్ల కింద ఎండే తగలని తడి. దోమలపెంట దాటి డ్యాం వైపు దిగే మలుపుల్లో కోతులు రోడ్డు మధ్యలో కూర్చుని ఉంటాయి. ఆ దిగుడులో ముందు బ్రేకు నొక్కితే గుబ్బల టైరు ముందు కొంచెం కదిలి, ఆ తర్వాత పట్టుకుంటుంది. ఆ కదలిక చేతికి స్పష్టంగా తెలుస్తుంది. నేను గుబ్బల టైర్ల మీద ఒక వానాకాలమంతా నడిపాను, పడలేదు, కానీ ప్రతి తడి మలుపు దగ్గరా ఆ అర సెకను గురించే ఆలోచిస్తూ నడపాల్సి వచ్చింది. అడవి చూడ్డానికి పోయి టైరు గురించి టెన్షన్ పడటం నాకు నచ్చలేదు.

తొలకరికి ఇంకో సంగతి. నెలల తరబడి రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము మొదటి జల్లుకు పైకి తేలుతాయి. టోల్ ప్లాజా లైన్లలో, బస్టాపుల ముందు, తెల్లగీతల మీద అప్పుడు జారినంతగా జోరువానలో కూడా జారదు. అక్కడ మనల్ని కాపాడేది మెత్తటి రబ్బరు, సన్నటి గాడులు, అంతే.

"మరి మట్టి రోడ్డు వస్తే?" అంటారు. ఏ మట్టి అన్నది ముఖ్యం. ఎర్రమట్టి, కంకర, పొడి ఇసుక, మారేడుమిల్లి దగ్గర గుడిస కొండకు జీపులు ఎక్కే బాట లాంటివి, వీటిల్లో గుబ్బల టైరు నిజంగానే పనికొస్తుంది, రాయిని కొరికి పట్టుకుని ఎక్కిస్తుంది. నల్లరేగడి అలా కాదు. ఆదిలాబాద్ వైపు పత్తిచేల మధ్య బండ్లబాటలో వాన పడ్డాక నడిపినవాళ్లకు తెలుసు, చక్రం నాలుగు చుట్లు తిరిగేసరికి గుబ్బల మధ్య సందులన్నీ బంకమట్టితో పూడిపోతాయి, టైరు నున్నటి మట్టి చక్రమైపోతుంది, అది మడ్‌గార్డుకి పట్టేసి చివరికి చక్రమే తిరగదు. ఎంత ఖరీదైన గుబ్బల టైరైనా ఇంతే. అది తన మట్టి తాను విదిలించుకోవాలంటే చక్రం వేగంగా తిరగాలి, 199 కిలోల బండిని ఆ బురదలో అంత వేగంగా తిప్పడం మనలాంటివాళ్ల పని కాదు. అక్కడ దిగి, పుల్లతో మట్టి గీకి, ఇద్దరు కలిసి నెట్టుకుంటూ పోవడమే. కాబట్టి రేగడి కోసమని గుబ్బల టైరు కొనకండి. ఎర్రమట్టి, కంకర బాటల్లో నెలకు రెండు మూడుసార్లు తిరిగేవాళ్లు మాత్రం 50/50 హాయిగా వేసుకోండి, ఆ సుఖం మీకే తెలుస్తుంది.

లద్దాఖ్ ప్లాన్ ఉందని ముందే గుబ్బల టైర్లు వేయించేవాళ్లు కూడా ఒకటి ఆలోచించాలి. హైదరాబాద్ నుంచి లేహ్‌కి ఒకవైపే రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది, అందులో ఎక్కువ భాగం హైవే, అదీ వేసవి ఎండలో. కొండలు మొదలయ్యేసరికి వెనక గుబ్బల ఎత్తు సగానికి వచ్చేసి ఉంటుంది. బండిని రైల్లో పంపించి అక్కణ్నుంచి నడిపేవాళ్లకైతే లెక్క వేరు.

సైజు దగ్గర చాలా చర్చ నడుస్తుంది కాబట్టి చెప్తున్నా. 120/90-17 అంటే వెడల్పు 120 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 90 శాతం, అంటే 108, చివరి 17 చక్రం సైజు ఇంచుల్లో. ఈ సైజులో ఎంపిక తక్కువని కొందరు పాత కేటీఎం 390 అడ్వెంచర్‌కి వచ్చిన 130/80-17 వేస్తున్నారు. దాని ఎత్తు 104, మొత్తం చక్రం వ్యాసం 8 మిల్లీమీటర్లు తగ్గుతుంది. ఎక్కుతుంది, నడుస్తుంది. కానీ ఆ రిమ్ సన్నటి టైరు కోసం చేసింది, వెడల్పు టైరు అంచులు లోపలికి లాగబడి నడుమ భాగం ఉబ్బుతుంది, అప్పుడు నడుమే ఇంకా త్వరగా అరుగుతుంది. కంపెనీ సైజులో దొరుకుతున్నంత కాలం నేను దాన్ని మార్చను. సైజు పక్కన ఉండే 54, 64 లాంటి అంకె బరువుది. 54 అంటే 212 కిలోలు, 64 అంటే 280. పక్కన అక్షరం వేగానిది, పీ అంటే గంటకు 150 కిలోమీటర్లు, ఎస్ అంటే 180, హెచ్ అంటే 210. ఇద్దరు మనుషులు, రెండు వైపులా సాడిల్ బ్యాగులు, టెంటు వేసుకుని పోయేవాళ్లు బరువు అంకె పాత టైరు కంటే తగ్గకుండా చూసుకోండి, వేగం అక్షరం గురించి ఈ బండికి అంత బెంగ అక్కర్లేదు.

ముందు గుబ్బలది, వెనక రోడ్డుది వేసే పద్ధతి కూడా ఉంది, మట్టిలో హ్యాండిల్ మాట వింటుందని. మట్టిలో అది నిజమే. కానీ తడి తారు మీద బండిని ఆపేది ముందు టైరే కదా, నా తిరుగుడుకి అది కుదరదు. డబ్బులు చాలక ఒక్కటే మంచిది కొనాలంటే ముందుదే మంచిది కొనండి.

షాపుకి వెళ్లాక టైరు పక్క గోడ మీద డీఓటీ అని మొదలయ్యే వరసలో చివరి నాలుగంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని. 21 ఇంచుల టైర్లు రోజూ అమ్ముడుపోయేవి కావు, అటక మీద ఏళ్లు పడి ఉన్నవి కూడా కొత్తవాటి ధరకే బయటికి వస్తాయి. మన ఎండలకు రబ్బరు లోపలే గట్టిపడిపోతుంది, గోరు గుచ్చితే దిగదు. ఏడాది దాటిందైతే నేను ధర తగ్గించమంటాను, మూడేళ్లు దాటితే వద్దంటాను. ఐఎస్ఐ ముద్ర తప్పకుండా ఉండాలి. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి, అందుకే మెట్జెలర్ టూరెన్స్, మిటాస్ ఈ07 లాంటివి ఒక నెల దొరికి ఇంకో నెల దొరకవు. ఎవరో తెలిసినాయన తెప్పిస్తాడంటే బిల్లు, వారంటీ సంగతి ముందే అడగండి.

బిగించే దగ్గర మీరు పక్కనే నిలబడండి, మొహమాటపడకండి. టైరుతో పాటు ట్యూబ్ కూడా కొత్తదే వేయించండి, పాత ట్యూబ్ సాగి ఉంటుంది, కొత్త టైరులో మడత పడుతుంది. రిమ్ లోపల స్పోకు తలల మీద ఉండే రబ్బరు పట్టీ చిరిగిందేమో చూడండి, ఆ తలలు గుచ్చుకుంటే పంక్చర్ ఎక్కడిదో తెలియక జుట్టు పీక్కుంటారు. ట్యూబ్‌లో కాస్త గాలి కొట్టి గుండ్రంగా చేసి లోపల పెట్టమనండి, లేకపోతే టైరు లివర్ కింద నలిగి అక్కడే చిల్లు పడుతుంది. తిరిగే దిశ చూపే బాణం ముందుకే ఉండాలి, పసుపు చుక్క ఉంటే వాల్వ్ పక్కకు రావాలి. వాల్వ్ మీది నట్టు రిమ్‌కి ఆనించి బిర్రుగా బిగిస్తారు, దాన్ని కొంచెం వదులుగా ఉంచమనండి. ట్యూబ్ లోపల కాస్త జరిగినప్పుడు వాల్వ్ ఏటవాలుగా వంగి మీకు కనిపిస్తుంది, బిర్రుగా ఉంటే కనపడకుండా వాల్వ్ మొదలు దగ్గరే తెగిపోతుంది. పల్లెల్లో పంక్చర్ షాపతని దగ్గర 21 ఇంచుల ట్యూబ్ ఉండదు, ఒకటి బ్యాగులో పెట్టుకోండి. అవసరం పడితే ఆ ట్యూబ్‌నే వెనక 17 ఇంచుల చక్రంలో మడతపెట్టి దూర్చి ఊరు చేరుకోవచ్చు. 17 ట్యూబ్‌ను 21లో వేసి అంత సాగదీయడం మాత్రం మంచిది కాదు.

నేను ఈసారి రెండు వైపులా మళ్లీ గ్రిప్ ఎక్స్‌ఎల్ వేయించాను. చూసినవాళ్లు "అంత వెతికి మళ్లీ కంపెనీదేనా" అన్నారు. తారు మీద నమ్మకంగా ఉంటుంది, పొడి కంకరలో మెల్లగా పోతే పోనిస్తుంది, ఏ ఊళ్లోనైనా తెప్పించుకోవచ్చు, ధర అందుబాటులో ఉంది. బడ్జెట్ ఉండి దొరికితే టూరెన్స్ వేసేవాణ్ని, తడిలో దాని మీద నాకు ఇంకా గురి ఉంది. హిమాలయన్ 450 నడిపేవాళ్లకు వెనక 140/80 ఆర్17, అది రేడియల్ (లోపలి అల్లిక వేరే రకం), ఈ లెక్కలు అలాగే వర్తించవు, దాని గురించి విడిగా రాస్తాను.

కొత్త టైరు పైపొర నునుపుగా, జిడ్డుగా ఉంటుంది, మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకులు, లోతు మలుపులు వద్దు. వారం తర్వాత పొద్దున్నే, బండి తీయకముందే గాలి చూసుకోండి. ఎండలో హైవే మీద నడిపి వచ్చి చూస్తే అంకె ఎక్కువే చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయకూడదు. అప్పుడే చిన్న స్పానర్‌తో స్పోకులన్నీ ఒక్కొక్కటే తట్టుకుంటూ రండి. ఏదైనా మిగతావాటిలా ఖంగుమనకుండా బొంగురుగా పలికితే అది వదులైందని, ట్రూయింగ్ (చక్రం వంకర సరిచేయడం) చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లి బిగించుకోండి.